ప్రభువు బల్లకు కాపలా

1836 మార్చి 10న వేల్స్ తీరంలోని మిల్ఫర్డ్ హేవెన్ రేవులో ఇండియా ప్రయాణానికి సిద్ధమై, ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ తన స్నేహితుడు జాన్ నెల్సన్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. ఆ ప్రయాణంలో గ్రోవ్స్ వెంట బార్న్‌స్టేపుల్ ఊరి నుంచి వచ్చిన రెండు జంటలున్నాయి. రాతిపని చేసుకునే విలియం బౌడెన్, చెప్పులు కుట్టుకునే జార్జ్ బీర్, వాళ్ళ భార్యలు. మన గోదావరి డెల్టాలో, నరసాపురం పాలకొల్లు ప్రాంతాల్లో, సువార్త పనికి పునాది వేసింది వీళ్ళే. డెల్టా సంఘాల చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆ ప్రయాణం ప్రస్తావన తప్పక వస్తుంది. ఆ ఉత్తరం ప్రస్తావన మాత్రం అరుదుగా వినబడుతుంది.

గ్రోవ్స్ ఎక్సెటర్‌లో పళ్ళ వైద్యుడు. మంచి రాబడి వదులుకొని బాగ్దాదు వెళ్ళి, 1831లో అక్కడ ప్లేగు పడినప్పుడు భార్యను పోగొట్టుకున్నవాడు. డార్బీ డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో బంగారు పతకం తెచ్చుకొని, న్యాయవాద వృత్తి కాదనుకొని, విక్లో కొండల్లోని పేద పల్లెల్లో పాదిరిగా తిరిగినవాడు. ఇద్దరివీ త్యాగంతో పండిన జీవితాలే. ఆ ఉత్తరంలో కోపం లేదు, ప్రేమతో కూడిన బెంగ ఉంది. మొదట్లో ఎదుటివాడిలో క్రీస్తు జీవం కనబడితే చాలు, మన సహవాసానికి అదే ఆధారంగా ఉండేది. ఇప్పుడు మీరు జీవాన్ని కాకుండా అభిప్రాయాన్ని ఆధారం చేసుకుంటున్నారు. మంచిని పంచుకోవడం కంటే చెడుగుకు వ్యతిరేకంగా సాక్ష్యం పలకడమే మిమ్మల్ని కలిపి ఉంచే కట్టు అవుతోంది, అని గ్రోవ్స్ చెప్పాడు. ఈ దారిన వెళితే అందరికంటే ఇరుకైన మనస్సు గలవాళ్ళదే పైచేయి అవుతుందనీ, వాళ్ళు మనస్సాక్షి పేరు చెప్పి తగ్గరు గనక విశాలమైన మనస్సు గలవాళ్ళే ప్రతిసారీ తగ్గవలసి వస్తుందనీ, ఏ వ్యవస్థను వదిలి బయటికొచ్చామో చివరికి అందులోకే తిరిగి చేరతామనీ హెచ్చరించాడు.

పన్నెండేళ్ళు తిరిగేసరికి అదంతా జరిగింది, వాళ్ళ సహవాసం చీలిపోయింది. ఎలా జరిగిందో తెలుసుకోవడం ముఖ్యం. ఇలాంటి చీలికల్లో దుర్మార్గుల పాత్ర తక్కువ, భక్తుల పాత్ర ఎక్కువ.

ముందు డబ్లిన్‌కు వెళదాం. ఎడ్వర్డ్ క్రోనిన్ అనే యువకుడు కేథలిక్ మతం నుంచి వచ్చి, వైద్యం చదువుకోవడానికి ఆ ఊళ్ళో దిగాడు. ఊరికి కొత్తవాడుగా ఉన్నన్నాళ్ళూ ఇండిపెండెంట్ సంఘాలు అతన్ని ప్రభువు బల్లకు రానిచ్చాయి. ఊళ్ళో స్థిరపడ్డాడని తెలిశాక, ఏదో ఒక సంఘంలో సభ్యత్వం తీసుకుంటేనే బల్ల అన్నాయి. క్రీస్తు శరీరంలో సభ్యత్వం ఉండగా మళ్ళీ ఈ సభ్యత్వమెందుకని అతను ఒప్పుకోలేదు. బల్ల అతనికి మూసుకుపోయింది. అప్పుడతను మరికొద్దిమందితో కలిసి ఇంట్లోనే రొట్టె విరవడం మొదలుపెట్టాడు. బెల్లెట్, హచిన్సన్, గ్రోవ్స్, డార్బీ, తరువాత కాంగల్టన్ ప్రభువైన జాన్ పార్నెల్, ఒకరొకరుగా ఈ ఆలోచనలోకే వచ్చి చేరారు. బ్రదరన్ ఉద్యమం అని మనం పిలిచేదాని మొదటి కథల్లో ఇదొకటి: బల్ల దగ్గరినుంచి లేపేసిన ఒక మనిషి కథ. ఏ పేరూ పెట్టుకోకుండా, ప్రభువును ప్రేమించే ఎవరైనా కూర్చోగలిగే బల్ల ఒకటి ఉండాలన్నది వాళ్ళ ఆశ.

ఇక 1845. ప్లిమత్ సంఘంలో బోధకుడు బెంజమిన్ విల్స్ న్యూటన్‌తో డార్బీకి విభేదం వచ్చింది. ఆ ఏడాది చివర డార్బీ విడిపోయి అదే ఊళ్ళో వేరే బల్ల పెట్టాడు. 1847లో న్యూటన్ బోధలోనే క్రీస్తు శ్రమలను గురించి ఒక తీవ్రమైన దోషం బయటపడింది. అది చిన్న విషయం కాదు, డార్బీ దాన్ని పట్టి చూపడం తప్పూ కాదు. న్యూటన్ కూడా తన పొరపాటును ఒప్పుకుంటూ ఒక ప్రకటన వెలువరించి ఊరు విడిచి వెళ్ళిపోయాడు. కథ అక్కడితో ముగియవలసింది. కాని 1848లో న్యూటన్ సంఘానికి చెందిన కొందరు బ్రిస్టల్ వచ్చి బెతెస్దా సంఘంలో బల్లకు చేరతామన్నారు. ఆ సంఘ పెద్దలు జార్జ్ ముల్లర్, హెన్రీ క్రెయిక్. ముల్లర్ గ్రోవ్స్ చెల్లెలిని పెళ్ళాడినవాడు, అనాథశరణాలయాల ముల్లర్‌గా మన తెలుగు విశ్వాసులకు కూడా బాగా తెలిసినవాడు. వచ్చినవాళ్ళు ఆ తప్పుడు బోధను నమ్మడం లేదని విచారించి తెలుసుకొని చేర్చుకున్నారు. అది డార్బీకి చాలలేదు. ఆగస్టులో ఒక సర్క్యులర్ పంపాడు. బెతెస్దా నుంచి వచ్చినవాళ్ళను ఎవరు చేర్చుకుంటే వాళ్ళూ ఆ దోషంలో పాలివాళ్ళే అన్నది దాని సారం. ఆ ఏడాది చివర బెతెస్దా సంఘం వరుసగా కూటాలు పెట్టి న్యూటన్ పుస్తకాలను చదివి ఖండించింది కూడా. 1849 జులైలో డార్బీ ముల్లర్ దగ్గరికి వచ్చాడు. ఆ కలయికలో ఎవరేమన్నారన్న దానిమీద ఇరుపక్షాల కథనాలు కలవవు. ఆ ఇద్దరి మధ్యా సహవాసం మాత్రం మళ్ళీ అతకలేదు.

దోషం చేసినవాడితో తెగతెంపులు ఒకటి. దోషం చేయనివాణ్ణి, కేవలం అతనికి తెలిసినవాడన్న కారణంగా వెలివేయడం ఇంకొకటి. మొదటిది క్రమశిక్షణ. రెండోదానికి హద్దు ఉండదు. న్యూటన్ దగ్గర కూర్చున్నవాడు, అతన్ని చేర్చుకున్నవాడు, చేర్చుకున్నవాణ్ణి ఖండించనివాడు. ఇలా పోతూ ఉంటే మనిషిని కలిసినప్పుడు అతని ముఖంలో క్రీస్తును వెదకడం మానేసి, ముందు అతని సంబంధాల చిట్టా తిరగెయ్యాలి. స్నేహానికి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. స్నేహితుడు మనకు మనిషిగా కాక ఒక పక్షంగా కనబడటం మొదలవుతుంది.

వేరుపాటు పాటించేవాళ్ళకు ఇలా వెలివేయడానికి వాక్యాధారం లేకపోలేదు. హగ్గయి రెండో అధ్యాయంలో ప్రవక్త యాజకులను రెండు ప్రశ్నలు అడుగుతాడు. ప్రతిష్ఠిత మాంసం చెంగున కట్టుకొన్నవాడు రొట్టెను తాకితే ఆ రొట్టె ప్రతిష్ఠితమవుతుందా? కాదు. శవాన్ని ముట్టి మైలపడినవాడు దాన్ని తాకితే? అపవిత్రమవుతుంది. అంటే మైల అంటుతుంది, మడి అంటదు. ఈ సూత్రం తెలుగువాళ్ళకు ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. మడి కట్టుకున్నవాడు పదిమందిని తాకి మడివాళ్ళను చెయ్యలేడు, ఒక్కడు తగిలితే చాలు తన మడే పోతుంది. ఆ భయం మీద మన ఊళ్ళల్లో బావులు, వీధులు, బంతులు ఎలా వేరయ్యాయో గోదావరి డెల్టాలో తొలి విశ్వాసుల సంతతికి బాగా తెలుసు. వాళ్ళలో ఎక్కువమంది ఆ అంటు పేరున దూరంగా నెట్టబడిన మాల మాదిగ వాడలనుంచి వచ్చినవాళ్ళే. అలాంటి సంఘంలో మళ్ళీ అంటు లెక్కలు మొదలైతే నాకు వచ్చేది కోపం కూడా కాదు, విస్మయం.

సువార్తల్లో ఆ సూత్రం తలకిందులైంది. మార్కు మొదటి అధ్యాయంలో యేసు కుష్ఠరోగిని ముట్టాడు. ధర్మశాస్త్రం ప్రకారం యేసుకు మైల అంటాలి. అంటలేదు, కుష్ఠరోగికి శుద్ధి అంటింది. ఐదో అధ్యాయంలో రక్తస్రావం గల స్త్రీ వెనకనుంచి వచ్చి వస్త్రం ముట్టింది. అక్కడ కూడా ప్రభావం ఆయననుంచి ఆమెలోకి వెళ్ళింది. మనం ఎటు నమ్ముతున్నాం? పాపం పరిశుద్ధత కంటే బలమైన అంటు అనా, పరిశుద్ధత పాపం కంటే బలమైన అంటు అనా? మన సంఘ నియమాలన్నీ తిరగేస్తే ఎక్కువచోట్ల మొదటిదే కనబడుతుంది.

కొంచెం పులిపిండి ముద్దంతా పులియజేస్తుందని పౌలు కొరింథువాళ్ళకు రాయలేదా అని అడగవచ్చు. రాశాడు. అలాంటివానితో భోజనం కూడా చేయవద్దన్నాడు. కాని అక్కడ పౌలు ఎవరి గురించి మాట్లాడాడు? తమ మధ్యనే ఉంటూ, తన పాపానికి సిగ్గుపడని ఒక మనిషి గురించి. నాలుగు చేతులు మారి వచ్చిన అనుమానం గురించి కాదు. పైగా రెండో పత్రిక రెండో అధ్యాయంలో అదే పౌలు, శిక్ష పొందిన ఒకణ్ణి ఇక క్షమించి ఆదరించండని, లేకపోతే అధిక దుఃఖంలో మునిగిపోతాడని ప్రాధేయపడ్డాడు. మొదటి పత్రికలోని ఐదో అధ్యాయాన్ని కంఠతా చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. ఈ రెండోదాన్ని అలా చెప్పేవాళ్ళు తక్కువ.

యోహాను పత్రికలు రెండూ మూడూ పక్కపక్కనే ఉంటాయి, చెరో పేజీ కూడా నిండవు. రెండోదాంట్లో, క్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోని బోధకుణ్ణి ఇంట్లో చేర్చుకోవద్దని ఆజ్ఞ. పేజీ తిప్పితే మూడోదాంట్లో దియొత్రెఫే. సహోదరులను చేర్చుకోడు, చేర్చుకోబోయేవాళ్ళను ఆటంకపరుస్తాడు, సంఘంలోనుంచి వెళ్ళగొడతాడు. బెతెస్దా చరిత్ర చదివాక ఆ వచనం చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. దియొత్రెఫేకు దుర్బోధ ఉందని యోహాను ఎక్కడా చెప్పలేదు. అతని రోగం ఒక్కటే చెప్పాడు, ప్రధానత్వం కోరుకోవడం. తలుపు మూయడానికి కారణం బోధలో వెదకాలి అనుకుంటాం. యోహాను మనిషి లోపల వెదికాడు.

ఆ లోపలేముందో యోహానుకు బాగా తెలిసి ఉండాలి, ఎందుకంటే ఒకప్పుడు అది తనలోనే ఉంది. మార్కు తొమ్మిదో అధ్యాయంలో, నీ పేరున దయ్యాలు వెళ్ళగొట్టే ఒకణ్ణి చూసి ఆపేశామని ప్రభువుతో గొప్పగా చెప్పినవాడు యోహానే. అతను యేసును వెంబడించడం లేదని కాదు అభ్యంతరం, తమను వెంబడించడం లేదని. ఆ అధ్యాయం మొత్తం కలిపి చదవాలి. కొద్దిసేపటి క్రితం శిష్యులు ఒక పిల్లవాడిలోని దయ్యాన్ని వెళ్ళగొట్టలేక నలుగురిలో చిన్నబోయారు. దారిలో తమలో ఎవడు గొప్ప అని వాదులాడుకున్నారు. ఆ తరువాత, తాము చేయలేనిది చేస్తున్న బయటివాడు కనబడ్డాడు. ఓటమి, పోటీ, ఆపేయడం. మార్కు ఏ వ్యాఖ్యానమూ లేకుండా ఒకదాని తరువాత ఒకటి పేర్చి ఊరుకున్నాడు.

భక్తుడు 'నేను గొప్ప' అని చెప్పుకోవడానికి సిగ్గుపడతాడు. సిగ్గుపడాలని అతనికి చిన్నప్పటినుంచీ నేర్పారు. కాని అహం అంత తేలికగా చావదు. 'నేను' అన్న మాట వదిలేసి 'మా సంఘం' అన్న మాటలో దూరుతుంది. మా బోధ సరైనది, మా బాప్తిస్మం సరైనది, మా బల్ల ఒక్కటే ప్రభువు బల్ల. ఇంతలేసి మాటలు వ్యక్తి తన గురించి అనుకుంటే గర్వమని వెంటనే పోల్చుకుంటాం. సంఘం గురించి అంటే నమ్మకత్వం అంటాం. కొరింథులో నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను, నేను కేఫావాడను అన్నవాళ్ళ వరుసలోనే, నేను క్రీస్తువాడను అన్నవాళ్ళను కూడా పౌలు నిలబెట్టాడు. నాలుగో గుంపు మిగిలిన మూడింటికంటే మేలని అనలేదు. క్రీస్తు పేరునే గుంపు పేరుగా వాడుకోవచ్చునని అప్పటికే అతనికి అర్థమైంది.

మనలో ఇది చేరిందా లేదా చూసుకోవడానికి పెద్ద పరీక్షలు అక్కరలేదు. అవతలి సంఘంలో ఒక పెద్దమనిషి పడిపోయాడని కబురు వచ్చినప్పుడు, బాధకంటే ముందు లోపల ఎక్కడో 'చూశారా, మేం ముందే చెప్పాం' అన్న చిన్న తృప్తి కలుగుతుందా? అవతలి సంఘంలో నిజంగా మారిన జీవితం కనబడినప్పుడు, సంతోషంకంటే ముందు ఏదో లెక్క తప్పినట్టుగా అనిపిస్తుందా? ఈ రెండూ నాలో నాకు తెలియనివి కావు. చదివేవాళ్ళకు కూడా కొత్త కావనుకుంటాను.

గ్రోవ్స్ చూసింది ఇంకో అడుగు లోతైనది. చెడుగుకు వ్యతిరేకత మీద కట్టిన సహవాసానికి చెడుగు నిరంతరం అందుతూ ఉండాలి. బయటి చెడుగు అయిపోతే లోపల వెదకాలి. డార్బీ పక్షాన నిలిచి ఎక్స్‌క్లూజివ్ బ్రదరన్ అని పిలవబడ్డవాళ్ళ చరిత్ర ఇలాగే నడిచింది. 1881లో విలియం కెల్లీ విడిపోయాడు. డార్బీ రచనలను సంకలనం చేసి అచ్చువేసింది ఈ కెల్లీయే. 1884లో అమెరికాలో ఎఫ్. డబ్ల్యు. గ్రాంట్, ఆ మరుసటేడు ఇంగ్లండ్‌లో స్టూవర్ట్, 1890లో రేవన్ బోధ మీద ఇంకో చీలిక. ఒక్కొక్కదాని వెనకా ఉన్న వాదాలు నేను చదివాను. చాలావాటిలో ఎవరు దేనికోసం పోట్లాడారో రెండోసారి చదివితేగాని అంతుపట్టలేదు.

ఎడ్వర్డ్ క్రోనిన్ సంగతి మిగిలిపోయింది. 1879లో ఆ ముసలి వైద్యుడు వైట్ దీవిలోని రైడ్ పట్టణానికి వెళ్ళి, అక్కడ కొత్తగా కూడుకుంటున్న కొందరితో కలిసి రొట్టె విరిచాడు. డార్బీ పక్షంవాళ్ళలో ఆ కూటానికి గుర్తింపు లేదు. లండన్‌లోని సొంత సంఘం అతన్ని బల్లనుంచి తొలగించింది. కెల్లీ చీలికకు దారితీసిన గొడవ అక్కడే మొదలైంది. యాభై ఏళ్ళ కిందట డబ్లిన్‌లో ఏ నేరానికి బల్ల మూసుకుపోయిందో, దాదాపు అదే నేరం.

1960లలో ఎక్స్‌క్లూజివ్ బ్రదరన్‌లోని ఒక శాఖ, న్యూయార్క్‌లో ఉన్న జేమ్స్ టేలర్ జూనియర్ నాయకత్వంలో, ప్రభువు బల్ల పంచుకోనివాళ్ళతో మామూలు భోజనం కూడా చేయకూడదని నియమం పెట్టింది. ఒకే ఇంట్లో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు వేర్వేరు బల్లల దగ్గర తిన్నారు. ఎన్నో కుటుంబాలు విడిపోయాయి. ఇది 1848 తర్కానికి చివరి మెట్టు. ఇలా భోజనం దగ్గర వేరుపడడం అపొస్తలుల కాలంలోనే కనబడుతుంది. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యాకోబు దగ్గరినుంచి కొందరు రాగానే లేచి పక్కకు జరిగాడు. పేతురు ఏ సిద్ధాంతమూ ప్రకటించలేదు, ఊరికే లేచి వెళ్ళాడు. గలతీయుల పత్రికలో పౌలు ఆ ఒక్క పనినే సువార్త సత్యం ప్రకారం నడవకపోవడమన్నాడు. బర్నబా కూడా ఆ ప్రవాహంలో కొట్టుకుపోయాడని రాసినప్పుడు, స్నేహితుణ్ణి పోగొట్టుకున్న బాధ పౌలు గొంతులో వినబడుతుంది.

మన ప్రాంతంలో ఇంత కఠినత్వం లేదు. గోదావరి సంఘాలు ఎక్కువగా, బెతెస్దా పక్షాన నిలిచిన ఓపెన్ బ్రదరన్ మార్గాన నడిచినవి. కాని పేరు ఏదైనా, సిఫారసు ఉత్తరం లేదని వెనక వరుసలో కూర్చోబెట్టిన అతిథులు, పెళ్ళి బంతిలో పక్కపక్కనే కూర్చొని ఆదివారం ఒకరి బల్లకు ఒకరు రాని అక్కాచెల్లెళ్ళు, మా బాప్తిస్మం కాదని రెండోసారి నీళ్ళలోకి దింపబడ్డ విశ్వాసులు మనకు తెలియనివాళ్ళు కారు. 1910లో ఎడిన్‌బర్గ్ మిషనరీ మహాసభలో, అప్పటికి దోర్నకల్‌లో సేవ చేస్తున్న వేదనాయకం శామ్యూల్ అజరయ్య, మిషనరీల దానధర్మాలనూ ప్రాణత్యాగాన్నీ మెచ్చుకొని, చివరికి తమకు ఇంకా కావలసింది స్నేహితులని అడిగాడు. ఆ రోజు ఆ మాట తెల్లవాళ్ళను ఉద్దేశించినది. ఇప్పుడు ఒక సంఘం ఇంకో సంఘాన్ని అడగవలసినది. సువార్త సభకు కుర్చీలు ఇస్తాం, తుపాను వస్తే బియ్యం పంపుతాం. పక్కన కూర్చోవడం దగ్గరే ఆగిపోతాం.

అలాగని తలుపులన్నీ తీసిపెట్టి, ఎవరేది నమ్మినా ఒకటే అనడం నాకు సమ్మతం కాదు. న్యూటన్ బోధ మీద డార్బీ అభ్యంతరం న్యాయమైనదే. సత్యం మీద శ్రద్ధ లేని స్నేహం మర్యాదకు మించి ఎదగదు. వేరుపాటు పాటించేవాళ్ళందరూ ఆధారంగా చూపే రెండో తిమోతి రెండో అధ్యాయాన్నే మళ్ళీ చూడండి. గొప్ప ఇంట్లో వెండి బంగారు పాత్రలే కాక కర్రవీ మట్టివీ ఉంటాయి, వాటికి దూరంగా తన్ను తాను శుద్ధి చేసుకొన్నవాడు యజమానుడికి ఉపయోగపడే పాత్ర అవుతాడు. ఇంటిని శుద్ధి చేసే పని ఏ పాత్రకూ అప్పగించలేదు. దుర్బోధకులైన హుమెనై, ఫిలేతుల పేర్లు ఎత్తి చూపిన పౌలే అక్కడితో ఆగలేదు. పాత్రల మాట తరువాతి వాక్యంలోనే, పవిత్ర హృదయంతో ప్రభువుకు ప్రార్థన చేసేవాళ్ళతో కూడా నీతిని, విశ్వాసాన్ని, ప్రేమను, సమాధానాన్ని వెంటాడమన్నాడు. ఇంకా కిందికి వెళితే, ప్రభువు దాసుడు జగడమాడకూడదు, ఎదిరించేవాణ్ణి కూడా సాత్వికంతో దిద్దాలి.

ఆ భాగాన్ని చివరివరకూ చదివి బతికినవాడు ఆ ఉద్యమంలోనే ఒకడున్నాడు. అతను రాబర్ట్ చాప్‌మన్. బౌడెన్, బీర్‌ల సొంత ఊరైన బార్న్‌స్టేపుల్‌లో సంఘ పెద్ద. 1832లో అతను వచ్చింది ఒక స్ట్రిక్ట్ బాప్టిస్టు చాపెల్‌కు. వాక్యం తనకు అర్థమైన కొద్దీ నెమ్మదిగా మార్పులు తెచ్చాడు, ఎవరినీ తొందరపెట్టలేదు. పాత పద్ధతి కావాలన్న కొందరు భవనం తమదన్నప్పుడు వాదించకుండా ఇచ్చేశాడు. ప్లిమత్‌లో విడిపోవడానికి ముందు ఇంకా ఆగవలసిందని 1848లో డార్బీతో అన్నాడట. ఆరు నెలలు ఆగానని డార్బీ అంటే, మా ఊళ్ళో అయితే ఆరేళ్ళు ఆగేవాళ్ళమని బదులిచ్చాడట. చీలిక తరువాత కూడా అవతలివాళ్ళను ఎక్స్‌క్లూజివ్ అని పిలవడానికి ఒప్పుకోలేదు. మనస్సాక్షి కారణంగా నాతో సహవాసం వద్దనుకొని, తమ సహవాసాన్ని నాకు లేకుండా చేసిన ప్రియ సహోదరులు అనేవాడు. అందులో వాళ్ళ మనస్సాక్షికి గౌరవం ఉంది. పోగొట్టుకున్నది తానేనన్న లెక్క కూడా ఉంది. తలుపు మూసినవాడు సాధారణంగా నష్టాన్ని బయటివాడి ఖాతాలో రాస్తాడు. చాప్‌మన్ బయట నిలబడి దాన్ని తన ఖాతాలోనే రాసుకున్నాడు.

అతని గురించి తన పక్షంవాళ్ళు చులకనగా మాట్లాడితే డార్బీ ఊరుకునేవాడు కాడంటారు. మనం పరలోక స్థలాల గురించి మాట్లాడుతాం, అతను అక్కడ నివసిస్తాడు, అతని జోలికి వెళ్ళవద్దు అన్నాడని చెబుతారు. డార్బీ ఆ మాట మనస్ఫూర్తిగానే అని ఉంటాడు. 1848 నాటి సర్క్యులర్‌ను మాత్రం చివరివరకూ వెనక్కి తీసుకోలేదు.